పింఛను తర్వాతే పెద్ద పనులు చేసిన ఇంజనీరు
మూసీ వరదకు మందు చెప్పిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య

ఏటా సెప్టెంబరు 15వ తేదీన దేశమంతటా ఇంజనీర్ల దినం జరుపుకొంటారు. 1968 నుంచి ఈ ఆనవాయితీ నడుస్తున్నది. అది మోక్షగుండం విశ్వేశ్వరయ్య జయంతి. హైదరాబాదుకు పోయినవారు ఖైరతాబాద్ కూడలిలో తలపాగా చుట్టుకున్న ఆయన విగ్రహాన్ని చూసే ఉంటారు. బళ్ళో చదివే పిల్లలకు ఆయన ఆనకట్టలు కట్టిన ఇంజనీరుగా తెలుసు. కాని ఎక్కడో మైసూరులో పుట్టిన ఆ పెద్దమనిషితో పాలమూరు రైతుకు ఏమి సంబంధం అని ఎవరికైనా అనిపించవచ్చు.

సంబంధం ఉన్నది. బొంబాయి సర్కారు కొలువు వదిలి పింఛను తీసుకున్న తర్వాత ఆయన చేపట్టిన మొదటి పెద్ద పని మన హైదరాబాదు రాజ్యంలోనిదే. ఆయనను పిలిపించిన ప్రభువు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్. 1890 డిసెంబరు 4న మన పాలమూరుకు మహబూబ్‌నగర్ అని పేరు వచ్చింది ఆ నిజాం పేరు మీదనే. అంతకంటే ముఖ్యమైన మాట మరొకటి ఉన్నది. హైదరాబాదును ముంచిన వరదకు కారణం వెతుకుతూ పోయిన విశ్వేశ్వరయ్యకు ఎగువన తెగిపోయిన చెరువు కట్టలు కనిపించాయి. గొలుసుకట్టు చెరువుల కింద బతికే మన ఊళ్ళకు అది పాత కథ కాదు.

తెలుగింటి బిడ్డ

విశ్వేశ్వరయ్య 1861 సెప్టెంబరు 15న మైసూరు రాజ్యంలోని ముద్దేనహళ్ళి అనే పల్లెలో జన్మించారు. అది చిక్కబళ్ళాపురం దగ్గరి ఊరు. ఇంట్లో మాట్లాడేది తెలుగు. పూర్వీకులు గిద్దలూరు దగ్గరి మోక్షగుండం నుంచి మైసూరు సీమకు వలసపోయినవారు. ఇంటిపేరు ఆ ఊరి పేరే. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు. ఇంట్లో చదువు ఉన్నది గాని కలిమి లేదు. చిన్న వయసులోనే తండ్రి చనిపోయారు. మేనమామ అండతో పిల్లవాడు బెంగుళూరు చేరాడు.

బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో చదువుతూ ఒక కొడగు కుటుంబం పిల్లలకు పాఠాలు చెప్పి పొట్ట పోసుకున్నారు. 1881లో బి.ఏ. పాసయ్యారు. చురుకుదనం చూసి మైసూరు ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇచ్చింది. దానితో పూనా ఇంజనీరింగ్ కాలేజీలో చేరి, 1883లో బొంబాయి ఇలాకా మొత్తానికి మొదటివాడుగా నెగ్గారు. మరుసటి ఏడాది బొంబాయి ప్రభుత్వం పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా నాసిక్‌లో ఉద్యోగం ఇచ్చింది. అప్పటికి ఆయనకు ఇరవై మూడేళ్ళు.

చెలిమ తెలిసినవారికి అర్థమయ్యే ఇంజనీరింగు

ఆయన చేసిన పనులు పెద్ద చదువులు లేని రైతుకు కూడా తెలిసేవే. సింధు రాష్ట్రంలో సుక్కూరు అనే పట్టణం ఉన్నది. పక్కనే సింధు నది. నదిలో నీళ్ళకు కొదువ లేదు గాని అంతా బురద. ఆ నీటిని వడగట్టే పెద్ద తొట్లు కట్టడానికి మునిసిపాలిటీ దగ్గర డబ్బు లేదు. విశ్వేశ్వరయ్య నది ఒడిలోనే బావి తవ్వించారు. ఇసుకలోంచి ఊరిన నీరు తేటగా బావిలోకి వచ్చింది. ఆ నీటిని గుట్ట మీదికి ఎక్కించి ఊరికి పంపారు. ఎండాకాలం వాగు ఇసుకలో చెలిమ తీసి నీళ్ళు తోడుకునే మన ఆడబిడ్డలకు ఇందులోని కిటుకు వేరే చెప్పనక్కరలేదు.

పూనా దగ్గర ఖడక్‌వాస్లా చెరువు మరొకటి. వానాకాలం నిండి అలుగు పారి ఎంతో నీరు వృథాగా పోయేది. ఎండాకాలం వచ్చేసరికి నీళ్ళు చాలేవి కావు. కట్ట ఎత్తు పెంచితే ఖర్చు ఎక్కువ, పాత కట్టకు ప్రమాదం. ఆయన కట్టను ముట్టుకోలేదు. అలుగు మీద తలుపులు బిగించారు. నీరు ఎనిమిది అడుగుల మేర పైకి నిలుస్తుంది. హద్దు దాటితే బరువుల తూకం మారి తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. నీరు తగ్గితే తిరిగి మూసుకుంటాయి. మనిషి కావలి ఉండి తిప్పవలసిన పని లేదు. 1903లో ఈ తలుపులు పెట్టారు. అదే చెరువులో దాదాపు నాలుగో వంతు నీరు అదనంగా నిలిచింది.

నీరా కాలువ కింద ఆయన తెచ్చిన బ్లాకు పద్ధతి గురించి మన ఆయకట్టు రైతులు తప్పక తెలుసుకోవాలి. ఆ కాలువ కింద మొదటి ఊళ్ళవారు ఏటా చెరకు వేసి నీరంతా మళ్ళించుకునేవారు. పొలాలు ఊటపట్టి చెడిపోయేవి, దోమలు పెరిగి మలేరియా వచ్చేది. చివరి ఊళ్ళకు చుక్క దిగేది కాదు. విశ్వేశ్వరయ్య భూమిని బ్లాకులుగా విడదీసి, ఎక్కడ చెరకు వేయాలి, ఎక్కడ తక్కువ నీటి పంటలు వేయాలి అనే వంతులు పెట్టారు. ఉన్న నీటినే ఎక్కువ ఊళ్ళకు పంచడం అందులోని ఉద్దేశం. చెరకు రైతులు మొదట గట్టిగా ఎదిరించారు. ఆయన వాళ్ళతో కూర్చుని మాట్లాడి ఒప్పించి అమలు జరిపారు.

రాజోలిబండ కాలువ కింద మన జిల్లాకు 87,500 ఎకరాల ఆయకట్టు అని రికార్డులో ఉన్నది. బచావత్ ట్రిబ్యునల్ ఆ కాలువకు మనవైపు 15.9 టి.ఎం.సి.లు కేటాయించింది. అయినా అలంపురం వైపు చివరి పొలాలు ఎన్ని ఏండ్లు ఎండాయో అక్కడివారికి తెలుసు. పై ఊరివాడి చేతిలోంచి చివరి ఊరివాడి చేతిలోకి నీరు దిగటమే కాలువ పనిలో కష్టమైన భాగం. ఆ సంగతి ఆయన ఏనాడో గుర్తించారు.

నలభై ఏడేళ్ళకే పింఛను

ఇంత పనితనం ఉన్నా బొంబాయి సర్కారులో ఆయనకు పై మెట్టు దొరికే దారి లేదు. ఆ కాలంలో చీఫ్ ఇంజనీరు కుర్చీ తెల్లదొరలకే దక్కేది. తన కంటే పై వరుసలో ఉన్నవారిని దాటి ఆయనకు ఇప్పటికే కొన్ని అవకాశాలు వచ్చాయని తోటివారిలో గుసగుసలు కూడా ఉన్నాయి. 1908లో ఆయన తనంతట తానే కొలువు వదులుకున్నారు. అప్పటికి నలభై ఏడేళ్ళ వయసు. పింఛను మంజూరైంది.

పింఛను చేతికి వచ్చిన మనిషి ఊరికి పోయి అరుగు మీద కూర్చోవచ్చు. ఆయనకు ముందు వెనుక చూడవలసిన పెద్ద సంసారం కూడా లేదు. కాని ఆయన సొంత ఖర్చుతో విదేశాలకు బయలుదేరారు. అక్కడి ఆనకట్టలు, కాలువలు, మురుగునీటి పనులు చూసి నేర్చుకోవాలన్నది కోరిక. ఆ ప్రయాణంలో ఉండగానే హైదరాబాదు నుంచి కబురు అందింది. నిజాం ప్రభుత్వం ఆయన సాయం కోరింది. చూడవలసినవి చూసి ముగించుకుని 1909 ఏప్రిల్‌లో ఆయన హైదరాబాదు చేరారు.

మూసీ మింగిన రోజు

అంతకు ముందు ఏడాది 1908 సెప్టెంబరు 28న మూసీ నది హైదరాబాదును ముంచింది. షంషాబాద్‌లో ఒక్క రోజులో దాదాపు 13 అంగుళాలు, రెండు రోజుల్లో దాదాపు 19 అంగుళాల వాన పడింది. మన ప్రాంతంలో వానాకాలమంతా కలిపితే పడే వానలో అది సగం కంటే ఎక్కువ. అంత నీరు ఒక్కసారి దిగింది.

అఫ్జల్‌గంజ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. ఇండ్లు పందొమ్మిది వేల వరకు కూలాయని లెక్క. చనిపోయినవారు పదిహేను వేల మంది వరకు ఉంటారని అంచనా. ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఆ తర్వాత కూడా ఎంతోకాలం నిలిచి, వరద దినం నాడు జనం అక్కడ చేరడం ఆచారమైంది.

మహబూబ్ అలీ పాషా అంటే జనానికి అభిమానం. పాము కరిస్తే ఆయన పేరు తలుచుకుంటే చాలు విషం దిగుతుందని పల్లెల్లో నమ్మేవారు. వరద నాడు ఆయన తన దేవిడీల తలుపులు తెరిపించి నిరాశ్రయులకు అన్నం పెట్టించారు. మూసీ తల్లికి స్వయంగా హారతి ఇచ్చి శాంతించమని వేడుకున్నారని ఇప్పటికీ చెప్పుకొంటారు. హారతి మాట ఎట్లా ఉన్నా, ఆయన మరో పని కూడా చేశారు. మళ్ళీ ఈ గతి పట్టకుండా ఏమి చేయాలో చెప్పగల ఇంజనీరును వెతికించారు. ఆ వెతుకులాటలో దొరికినవారే విశ్వేశ్వరయ్య.

తెగిన చెరువుల లెక్క

హైదరాబాదు వచ్చిన ఆయన నగరంలో ఎక్కడ గోడ కట్టాలన్న ఆలోచనతో పని మొదలు పెట్టలేదు. ఈ నీరు ఎక్కడి నుంచి వచ్చింది, ఎందుకు అంత వేగంగా వచ్చింది అన్న ప్రశ్నతో ఎగువకు పోయారు. వాన లెక్కలు తెప్పించారు. వరద మట్టాలు కొలిపించారు. ఆ రోజు మూసీలో సెకనుకు 4,25,000 ఘనపుటడుగుల నీరు పారి ఉంటుందని తేల్చారు. అంటే 4,25,000 క్యూసెక్కులు. 2009 అక్టోబరు వరదలో రాజోలి, అలంపురం ప్రాంతాలను ముంచి శ్రీశైలం చేరిన నీరు 25 లక్షల క్యూసెక్కుల దాకా ఉన్నదని అప్పుడు లెక్క చెప్పారు. అయితే అది కృష్ణా, తుంగభద్ర రెండూ కలిసిన మహానది. మూసీ అనంతగిరి గుట్టల్లో పుట్టి, నగరం చేరేసరికి ఇంకా చిన్న ఏరే. అంత చిన్న ఏటిలో అంత నీరు ఎట్లా వచ్చింది?

జవాబు చెరువుల్లో దొరికింది. నగరానికి ఎగువన మూసీకి, దాని ఉపనది ఈసీకి కలిపి 860 చదరపు మైళ్ళ నుంచి నీరు చేరుతుంది. ఆ మేరలో 788 చెరువులు ఉన్నాయి. చదరపు మైలుకు దాదాపు ఒక చెరువు. మన తాతలు కట్టిన పద్ధతిలోనే ఒకదాని అలుగు నీరు మరొక దానిలోకి దిగే గొలుసుకట్టు. ఆ వానకు వాటిలో 221 తెగిపోయాయి.

గొలుసుకట్టులో పై చెరువు తెగితే ఏమవుతుందో ఊళ్ళో పెద్దలకు తెలుసు. ఆ నీరంతా ఒక్కసారి కింది చెరువు మీద పడుతుంది. కింది చెరువు అలుగు మామూలు వరదకే కట్టింది గనుక నీరు కట్ట మీదుగా పొర్లుతుంది. మట్టి కట్ట మీద నీరు పొర్లితే గడియలో కోసుకుపోతుంది. అది తెగి మూడో దానిని తెంపుతుంది. అట్లా వందల చెరువుల్లో నిలవవలసిన నీరు కొద్ది గంటల్లో కలిసి నగరం మీద పడింది. మేఘం ఒక వంతు నీరు కురిపిస్తే, తెగిన కట్టలు ఆ నీటికి గోడలాంటి రూపం ఇచ్చి తోలాయి.

రెండు సాగరాలు

విశ్వేశ్వరయ్య 1909 అక్టోబరులో తన నివేదిక ఇచ్చారు. అందులోని ముఖ్యమైన మాట తేలికగా అర్థమయ్యేదే. నగరంలో నది ఒడ్డున గోడలు పెంచితే సరిపోదు, వరదను ఎగువనే పట్టి ఆపాలి. అందుకు మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి పెద్ద ఆనకట్టలు కట్టాలి. పెద్ద వాన వచ్చినప్పుడు ఆ రెండింటిలో నీరు ఆగి, నగరం భరించగలిగినంత మేరకే కిందికి వదలాలి. నగరంలో నది గట్లు ఎత్తు చేసి, ఒడ్డున తోటలు, బాటలు పెంచి, ఇండ్లు నదిలోకి జరగకుండా చూడాలి. నగరానికి మురుగునీటి కాలువలు కావాలని కూడా ఆయన చెప్పారు.

సలహా ఇచ్చింది ఆయన. డబ్బు పెట్టి కట్టించింది ఆ తర్వాతివారు. 1911లో మహబూబ్ అలీ ఖాన్ చనిపోయారు. కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దె ఎక్కి 1912లో నగర అభివృద్ధి బోర్డు ఏర్పాటు చేశారు. గండిపేట దగ్గర మూసీ మీద కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద కట్టిన హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద ఆపటానికి కట్టిన ఆ రెండు చెరువులే నగరానికి తాగునీరు కూడా ఇచ్చాయి. కృష్ణా నీరు నల్లగొండ జిల్లా మీదుగా హైదరాబాదు చేరింది 2004లో. అంతకు ముందు ఎన్నో ఏండ్లు నగరం గొంతు తడిపింది గండిపేట నీళ్ళే.

ఆ కాలంలో హైదరాబాదు రాజ్యానికి సొంత ఇంజనీర్లు కూడా తయారయ్యారు. వారిలో మేటి నవాబు అలీ నవాజ్ జంగ్. మంజీర మీద నిజాంసాగర్ కట్టించిన ఘనత ఆయనది. ఆయన జయంతి జూలై 11ను 2014 నుంచి తెలంగాణ ఇంజనీర్ల దినంగా జరుపుతున్నారు. విశ్వేశ్వరయ్య, అలీ నవాజ్ జంగ్ కలిసి 1929లో సింధులోని సుక్కూరు బారేజీ పనులను పరిశీలించి నివేదిక ఇచ్చారు. ఎక్కడి ముద్దేనహళ్ళి, ఎక్కడి హైదరాబాదు! నీళ్ళ పనిలో ఇద్దరూ ఒక్కచోట కూర్చున్నారు. 1940ల్లో మన జిల్లాలో పని మొదలైన కోయిల్‌సాగర్ వంటి ప్రాజెక్టుల వెనుక ఈ తరం ఇంజనీర్లు వేసిన బాట ఉన్నది.

మైసూరు దివానుగా

హైదరాబాదు పని ముగియగానే 1909 చివర మైసూరు మహారాజు పిలుపు మీద ఆయన చీఫ్ ఇంజనీరుగా వెళ్ళారు. 1912లో దివాను అయ్యారు. కావేరి మీద కృష్ణరాజసాగరం ఆయన పట్టుదల ఫలితం. సిమెంటు బదులు సున్నం, ఇటుక పొడి కలిపిన సుర్కీతో రాయి పేర్చి ఆ కట్టను లేపారు. మండ్య ప్రాంతం చెరకు పొలాలు ఆ నీటితోనే పచ్చబడ్డాయి. 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఆయన హయాంలో వచ్చాయి. బ్రిటిష్ ప్రభుత్వం 1915లో సర్ బిరుదు ఇచ్చింది.

ఆయన చేసినవన్నీ అందరికీ నచ్చాయని చెప్పటం సరికాదు. కృష్ణరాజసాగరం నీటి కింద ఊళ్ళు మునిగాయి. శ్రీశైలం నీళ్ళలో ఇల్లు, పొలం, గుడి పోగొట్టుకున్న మన కృష్ణా ఒడ్డు ప్రజలకు ఆ బాధ తెలుసు. మరొక సంగతి కూడా ఉన్నది. మైసూరులో సర్కారు కొలువులన్నీ ఒక్క బ్రాహ్మణులకే పోతున్నాయని, వెనుకబడినవారికి వాటా కావాలని జనం అడిగారు. 1918లో మహారాజు అందుకోసం మిల్లర్ కమిటీ వేశారు. కులాన్ని బట్టి కాక యోగ్యతను బట్టి మాత్రమే ఉద్యోగాలు ఇవ్వాలన్నది విశ్వేశ్వరయ్య పట్టు. మహారాజు వెనుకబడినవారి పక్షం వహించారు. అభిప్రాయం కలవక ఆయన ఆ ఏడాదే దివాను పదవి వదిలి వెళ్ళారు. చదువే దొరకని ఇండ్ల పిల్లలకు యోగ్యత ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు ఆయన దగ్గర సరైన జవాబు లేదు. కాలం మహారాజు పక్షాన్నే నిలిచింది. ఎంత పెద్దవారికైనా కనపడని మూల ఒకటి ఉంటుంది.

దివాను పదవి దిగిన రోజున సర్కారు మోటారులో రాజుగారి దగ్గరికి పోయి రాజీనామా ఇచ్చి, తిరుగు ప్రయాణంలో సొంత బండిలో ఇంటికి వచ్చారని జనం చెప్పుకొంటారు. సర్కారు సొమ్ముకు, సొంత సొమ్ముకు మధ్య ఆయన గీసుకున్న గీత అంత గట్టిదని ఆ కథకు అర్థం.

కుర్చీ లేని కొలువు

రెండోసారి రిటైరైనప్పుడు ఆయనకు యాభై ఏడేళ్ళు. ఇంకా నలభై ఏండ్లకు పైగా బతుకు మిగిలి ఉన్నది. ఆ నలభై ఏండ్లు ఆయన ఏ పెద్ద పదవీ పట్టుకుని కూర్చోలేదు. ఎవరు పిలిస్తే వారి దగ్గరికి పోయి పని చేసి వచ్చారు.

భద్రావతి ఇనుప కార్ఖానా నష్టాల్లో పడితే 1923లో దాని బాధ్యత నెత్తిన వేసుకుని, ఆరేండ్లలో ఒక దారికి తెచ్చారు. ఆ పనికి తనకు రావలసిన సొమ్మును ఇంటికి తీసుకుపోలేదు. పేద పిల్లలు చేతిపని నేర్చుకునే బడి కోసం ఇచ్చారు. 1943లో బెంగుళూరులో మొదలైన జయచామరాజేంద్ర వృత్తి విద్యాలయం వెనుక ఆ సొమ్ము ఉన్నది. ఫిట్టరు, వైర్‌మ్యాను, మెకానిక్కు పనులు నేర్చి పొట్టపోసుకోవాలని ఐ.టి.ఐ.లో చేరే మన ఊరి కుర్రవాళ్ళకు ఆ సొమ్ము విలువ ఏమిటో తెలుస్తుంది.

1937లో ఒరిస్సాను వరదలు పీడించినప్పుడు గాంధీజీ సూచన మీద అక్కడికి వెళ్ళి మహానది డెల్టా పరిస్థితి చూసి నివేదిక రాశారు. 1941లో చిన్నా పెద్దా కార్ఖానాదారులను ఒక సంఘంగా చేర్చారు. దేశానికి ప్రణాళిక ఉండాలని 1934లోనే పుస్తకం రాశారు. స్వాతంత్ర్యం వచ్చాక పంచవర్ష ప్రణాళికలు మొదలయ్యే నాటికి ఆ మాట పాతదైపోయింది. ముందు చెప్పినవారిలో ఆయన ఒకరు. 1952లో బీహారులోని మొకామా దగ్గర గంగానది మీద వంతెన ఎక్కడ కట్టాలో తేల్చటానికి ప్రభుత్వం ఆయననే అడిగింది. తొంభై ఏండ్లు దాటిన మనిషి గంగ ఒడ్డుకు పోయి చోటు చూసి తన మాట చెప్పారు. రైలు, రోడ్డు రెండూ పోయే ఆ వంతెన 1959లో తెరిచారు.

పల్లెల కోసం వేసిన ఎత్తు

ఆయన చివరి దశలో ఎక్కువగా పట్టించుకున్నది పల్లెలను. రైతుకు సాలుకు కొన్ని నెలలే పని. మిగతా నెలల్లో చేతులు ఖాళీ. వాన ఒక్కటి తప్పితే తిండి గింజలకు కూడా కటకట. ఈ లెక్క ఆయనకు బాగా తెలుసు. అందుకని పది ఊళ్ళను ఒక జట్టు చేయాలి, ఊరివాళ్ళే కమిటీ కట్టుకోవాలి, ఏ ఊళ్ళో ఏమి పండుతుంది, ఎందరికి పని లేదు అన్న లెక్క ఏటా రాసుకోవాలి, ఖాళీ నెలల్లో ఇంటి దగ్గరే చేసుకునే రెండు మూడు పరిశ్రమలు పెట్టుకోవాలి అని ఆయన పథకం వేశారు. 1949 ప్రాంతంలో బెంగుళూరు, కోలారు జిల్లాల్లో దానిని అమలు పెట్టి చూశారు.

ఈ ఒక్క సంగతి కోసమైనా పాలమూరు ఆయనను తలుచుకోవాలి. దేశంలో ఎక్కడ పెద్ద కట్ట లేచినా, కాలువ తవ్వినా అక్కడ పాలమూరు లేబరు ఉంటుందన్నది అందరికీ తెలిసిన మాట. సంక్రాంతి దాటగానే ముసలివాళ్ళను, బడి పిల్లలను ఇంట్లో వదిలి మేస్త్రీ వెంట లారీ ఎక్కిన కుటుంబాలు మన జిల్లాలో వేలకు వేలు. పరాయి ఊళ్ళ చేలకు నీళ్ళు పారే కాలువలు తవ్వి, సొంత చేనికి నీళ్ళు లేక తిరిగి వచ్చేవారు. పని మనిషిని వెతుక్కుంటూ ఊరికి రావాలి గాని మనిషి పనిని వెతుక్కుంటూ ఊరు వదలరాదన్నది ఆ ముసలి ఇంజనీరు పథకంలోని సారాంశం. ఆ పథకం మన జిల్లా దాకా రాలేదు. కాని దాని అవసరం మన జిల్లాకు ఉన్నంతగా మరొక దానికి లేదు.

నూరేండ్ల పనివాడు

1955లో భారత ప్రభుత్వం ఆయనకు భారతరత్న ఇచ్చింది. అప్పటికి తొంభై నాలుగేళ్ళు నిండవచ్చాయి. ఎప్పుడు చూసినా మడత నలగని కోటు, తలపాగా. సమయం అంటే సమయమే. నిమిషం ముందు రారు, నిమిషం ఆలస్యం చేయరు. రాసుకోని మాట మాట్లాడరు. 1951లో తన పని గురించి పుస్తకం రాశారు. అందులో చాలామటుకు పనుల ముచ్చటే తప్ప సొంత ముచ్చట తక్కువ.

నూరేండ్లు దాటి బతికి 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో కన్నుమూశారు. పుట్టిన ముద్దేనహళ్ళిలోనే ఆయన సమాధి ఉన్నది. ఆయన పుట్టిన ఇంటిని స్మారకంగా కాపాడుతున్నారు.

మన ఊరి కట్ట మాట

మన ఊళ్ళలో కూడా పింఛను పుచ్చుకునేవారు ఉన్నారు. ఇరిగేషన్ శాఖలో పనిచేసి వచ్చినవారు, పంతుళ్ళు, పట్వారీలు, ఓవర్సీర్లు, లైన్‌మ్యాన్లు. చదువు, అనుభవం ఉన్నవారు. సర్కారు వాళ్ళను ఇంటికి పంపింది గాని వాళ్ళ చేతిలోని పనితనాన్ని వెనక్కి తీసుకోలేదు. విశ్వేశ్వరయ్య అంతటి పని అందరూ చేయలేరు. కాని వాన లెక్క రాసుకోవటం, చెరువు నిండిన మట్టం గుర్తు పెట్టటం, కట్ట మీద మొలిచిన చెట్లను, ఎలుకలు, పీతలు తవ్విన బొక్కలను చూపించటం ఎవరైనా చేయగలరు. అర్జీ ఎట్లా రాయాలో, ఏ ఆఫీసులో ఇవ్వాలో తెలిసినవారు ఊరికి ఒకరు ఉంటే చాలు.

పూర్వం ప్రతి చెరువుకు నీరటి ఉండేవాడు. తూము తెరవటం, మూయటం, వానరాత్రి గొంగడి కప్పుకుని కట్ట మీద తిరగటం అతని పని. నీరటి మాన్యాలు పోయాయి, ఆ పని చేసేవాడు పోయాడు. కొన్నిచోట్ల పాటు కాలువలు దున్నుకుపోయాయి. కొన్నిచోట్ల శిఖం భూముల్లో ఇండ్లు లేచాయి. నీళ్ళు ఎక్కువ నిలవాలని అలుగు మీద రాళ్ళు, ఇసుక బస్తాలు పేర్చేవారు కొందరు. చేపల కోసం అలుగుకు అడ్డం కట్టేవారు కొందరు. 2015 నుంచి మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీశారు. పూడిక తీస్తే చెరువు లోతు పెరుగుతుంది. కట్టకు, అలుగుకు కావలి మాత్రం ఊరే ఉండాలి.

అలుగు మూసి చెరువులో అడుగు నీరు ఎక్కువ నిలుపుకున్న ఊరు తన కట్టను ప్రమాదంలో పెట్టుకుంటుంది. తన కిందనున్న నాలుగు ఊళ్ళను కూడా ప్రమాదంలో పెడుతుంది. 1908లో మూసీ ఎగువన 221 చెరువులు తెగినప్పుడు హైదరాబాదు మునిగింది. ఆ చెరువుల కిందనే ఉన్న పల్లెలు అంతకంటే ముందే నీళ్ళ పాలయ్యాయి. నగరానికి రెండు సాగరాలు కట్టారు గనుక ఆ వరద చరిత్రకెక్కింది. పల్లెకు సాగరం ఎవరూ కట్టరు. పల్లెకు ఉన్నది దాని చెరువు కట్టే. రోహిణి కార్తె ఎండలు ఉండగానే నలుగురు కలిసి పోయి అలుగు ముందున్న ముళ్ళకంప తీసేస్తే, తూము తలుపు కదులుతుందో లేదో చూసుకుంటే, మృగశిర వానలకు భయపడే పని ఉండదు.